తిన్నది మరిచిపోయిన మనిషికి మళ్ళీ విస్తరి వేయాలా?

పొద్దున చోడి అంబలి తాగిన అవ్వ, గిన్నె కడిగి బోర్లించక ముందే “ఈ ఇంట్లో నాకెవరూ బువ్వ పెట్టడం లేదు” అంటుంది. ఇంట్లో అంటే సరే, అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళందరితోనూ అంటుంది. కోడలి ముఖం మాడిపోతుంది. కొడుక్కి కోపం వస్తుంది. సెలవులకు హాస్టల్ నుంచి వచ్చిన మనవడికి నవ్వు వస్తుంది. మారేడుమిల్లి కొండల్లో ఇలాంటి ఇళ్ళు మనకు తెలియనివి కావు. అవ్వకు గాలి సోకిందని ఒకరంటారు, ముసలితనంలో బుద్ధి పెడదారి పట్టిందని ఇంకొకరంటారు, కావాలనే కోడలి పరువు తీస్తోందని మరొకరంటారు.

ఈ మాటల వెనక ఒక పెద్ద ప్రశ్న ఉంది. గూడెంలో దాన్ని ఎవరూ పైకి అడగరు కానీ మనసులో చాలామంది అనుకుంటారు. తిన్న సంగతి పది నిమిషాల్లో మరిచిపోయే మనిషి దగ్గర కూర్చుని, ఓపికగా, మర్యాదగా అన్నం పెట్టడంలో అర్థం ఏమిటి? ఎలా పెట్టినా ఆమెకు గుర్తుండదు కదా! ఏదో ఒక గిన్నెలో ఇంత వేసి ముందు పెడితే చాలదా? మనతో కలిసి తిన్నదో, మూల కూర్చుని ఒంటరిగా తిన్నదో ఆమెకు తేడా ఏమిటి?

ఈ ప్రశ్నను మేము తేలికగా తీసెయ్యదలచుకోలేదు. ఇది చెడ్డవాళ్ళు అడిగే ప్రశ్న కాదు. రోజంతా పోడులో వంగి పనిచేసి వచ్చి, నాలుగోసారి అదే మాట విన్న మనిషి అడిగే ప్రశ్న. అందుకే దీనికి జవాబు వెతకాలి.

ముందు ఇది ఏమిటో తెలియాలి

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఆగస్టె డేటర్ అనే 51 ఏళ్ళ స్త్రీని ఆసుపత్రిలో చేర్చారు. ఆమెను చూసిన వైద్యుడి పేరు అలోయిస్ అల్జీమర్. ఆమెతో జరిగిన మాటలన్నీ ఆయన రాసిపెట్టుకున్నాడు. ఒక మధ్యాహ్నం ఆమె పంది మాంసం, కాలీఫ్లవర్ తింటోంది. ఏం తింటున్నావని అడిగితే పాలకూర అని చెప్పింది. నోట్లో ఉన్నది ఒకటి, నోటి నుంచి వచ్చిన మాట ఇంకొకటి. 1906లో ఆమె చనిపోయాక వైద్యుడు మెదడును పరీక్షించి, అందులో వచ్చిన మార్పులను ఆ ఏడాది నవంబరులో ఒక వైద్యుల సభలో వివరించాడు. తర్వాత ఆ జబ్బుకు ఆయన పేరే వచ్చింది. ప్రపంచానికి ఈ జబ్బును తెలియజెప్పిన మొదటి రోగి రికార్డులోనే ఒక భోజనం ఉందన్న సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి.

డిమెన్షియా అంటే మామూలు మతిమరుపు కాదు. మెదడు కణాలు దెబ్బతిని జ్ఞాపకం, మాట, దారి గుర్తు, పనుల వరస ఒక్కొక్కటిగా జారిపోవడం. అల్జీమర్స్ వాటిలో ఎక్కువగా కనిపించే రకం. ఇది పట్నపు జబ్బు, చదువుకున్నవాళ్ళ జబ్బు అనుకోవడం పొరపాటు. 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. పట్నాల కంటే పల్లెల్లో, మగవారి కంటే ఆడవారిలో ఎక్కువగా ఉందని కూడా అదే అధ్యయనం చెప్పింది.

ఇంకో మాట. మతి తప్పినట్టు కనిపించిన ప్రతి ముసలి మనిషికీ ఈ జబ్బే ఉందని మనమే తేల్చేయకూడదు. థైరాయిడ్ తేడా, బి12 విటమిన్ లోపం, వాడుతున్న మందుల ప్రభావం, లోపల గూడుకట్టిన దిగులు, ఇవి కూడా మనిషిని అలా చేస్తాయి. వీటిలో కొన్ని మందులతో నయమవుతాయి. రెండు మూడు రోజుల్లో హఠాత్తుగా మాట తడబడి, మనుషుల్ని గుర్తుపట్టకపోతే అది జ్వరం వల్ల కావచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్ల కావచ్చు. మన ఏజెన్సీలో మలేరియా వల్ల కూడా కావచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. గాలి సోకిందనుకుని గడిపే ప్రతి రోజూ ఆ మనిషికి నష్టమే.

గుర్తులేని బువ్వే మనల్ని పెంచింది

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. గుర్తుండని భోజనానికి విలువ ఉందా?

మనలో ఎవరికైనా తల్లి పాల రుచి గుర్తుందా? అమ్మ చంకనెత్తుకుని, వెన్నెల చూపించి పెట్టిన మొదటి ముద్ద గుర్తుందా? రెండేళ్ళ లోపు మనం తిన్న వెయ్యి పూటల్లో ఒక్కటీ గుర్తులేదు. అయినా ఆ వెయ్యి పూటలే మన ఎముక, మన కండ. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. ఈ లోకంలో మనల్ని కోరుకున్నవాళ్ళు ఉన్నారన్న నమ్మకం కూడా ఆ పూటల నుంచే వచ్చింది. వీడికి ఎలాగూ గుర్తుండదు కదా అని ఏ తల్లీ బిడ్డకు విసురుగా పెట్టదు. గుర్తుండడం అనేది అన్నానికి ధర కాదు. గుర్తుపెట్టుకుంటేనే పెడతామంటే, అది అన్నం పెట్టడం కాదు, అప్పు ఇవ్వడం.

డిమెన్షియా ఉన్నవాళ్ళ విషయంలో వైద్యులు గమనించిన సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. జరిగిన విషయం పోయినా, దానివల్ల మనసులో కలిగిన సంతోషమో బాధో ఇంకొంతసేపు ఉండిపోతుంది. కసురుకుని పెట్టిన అన్నాన్ని అవ్వ మరిచిపోతుంది. కసురు మాత్రం గంటల తరబడి లోపల తిరుగుతూనే ఉంటుంది. ఎందుకు భయంగా ఉందో ఆమె చెప్పలేదు కానీ భయంగా ఉంటుంది. నవ్వుతూ పెట్టిన ముద్ద కూడా అంతే. ముద్ద సంగతి పోతుంది, నెమ్మది మిగులుతుంది. కాబట్టి ఎలా పెట్టినా తేడా లేదన్న మాట నిజం కాదు.

మన ఆచారంలోనే దీనికి ఇంకో జవాబు ఉంది. మామిడి కొత్త, చిక్కుడు కొత్త, సామ కొత్త. ఏ కొత్త పండుగైనా, పంట ఎంత ఊరిస్తున్నా, పెద్దలకు పెట్టందే మనం నోట పెట్టం. చనిపోయిన పెద్దలు మన పేర్లు పిలవరు. తిన్నామని చెప్పరు. కూర బాగుందని మెచ్చుకోరు. అయినా వాళ్ళ వంతు ముందు తీస్తాం. వాళ్ళకు గుర్తుందా లేదా అని అడగం. ఎందుకంటే, వాళ్ళు మనల్ని గుర్తుపెట్టుకోవడం మీద కాదు, మనం వాళ్ళను గుర్తుపెట్టుకోవడం మీద ఆ బంధం నిలబడి ఉంది. కన్నుమూసిన పెద్దలకు ఈ న్యాయం చేస్తున్న మనం, కళ్ళెదుట కూర్చుని ఉన్న పెద్దకు దాన్ని తప్పించగలమా? రేపు పెద్దల్లో కలిశాక ఆమెకు విస్తరి వేస్తాం. ఈరోజు పొయ్యి పక్కన ఎందుకు వేయకూడదు?

గోదావరి కింది లంకల్లో డొక్కా సీతమ్మ గారు (1841–1909) ఏ వేళకు ఎవరు వచ్చినా అన్నం పెట్టిందని మన బడిపిల్లలకు తెలుసు. 2024 నుంచి బళ్ళలో మధ్యాహ్న భోజన పథకం ఆమె పేరు మీదే నడుస్తోంది. ఆమె గొప్పతనం వంటలో లేదు, ఆకలి అన్నవాడిని రుజువు అడగకపోవడంలో ఉంది. అవ్వ కూడా మనల్ని కోరుతున్నది అదే. రుజువు అడగవద్దని.

“తిన్నావు కదా” అనడం నిజమే, కానీ

మరి అబద్ధమాడమంటారా అని ఇక్కడ ఎవరైనా అడగవచ్చు. అవ్వ తినలేదంటోంది. తిన్నదన్నది నిజం. మనం ఏమనాలి?

ఆమె మాటలో రెండు మాటలు ఉన్నాయి. ఒకటి, “నేను తినలేదు.” ఇది తప్పు. రెండోది ఆమె పైకి అనకపోయినా మాటలో ఉంది: “నాకు ఆకలిగా ఉంది,” లేదా “నా దగ్గర ఎవరూ లేరు.” ఇది నిజం కావచ్చు. ఈ జబ్బులో కడుపు నిండిందన్న కబురు మెదడుకు సరిగా అందకపోవచ్చు, కాబట్టి ఆకలి నిజంగానే వేస్తూ ఉండవచ్చు. “ఇందాకే తిన్నావు కదత్తా” అని కోడలు అంటే, ఆమె మొదటి మాటకు జవాబు చెప్పి, రెండో మాటను వదిలేసినట్టు. పైగా ఆ వాదనలో అవ్వ ఎప్పటికీ గెలవలేదు. తన నోటి సంగతి తనకంటే ఎదుటివాళ్ళకే తెలుసని ఒప్పుకోవడం ఎవరికైనా అవమానమే.

“ఆకలేస్తోందా అత్తా? దా, ఇలా కూర్చో” అనడంలో అబద్ధం ఏదీ లేదు. రోజు తిండిని మూడు పెద్ద పూటలుగా కాక, ఐదారు చిన్న పూటలుగా విడదీసి ఉంచుకుంటే, మళ్ళీ అడిగినప్పుడు దొప్పెడు అంబలో, ఒక అరటిపండో, ఉడికిన దుంప ముక్కో ఇవ్వవచ్చు. షుగరు ఉన్నవాళ్ళకు ఏమివ్వాలో మాత్రం డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

కొందరు అవ్వలు ఎప్పుడో చనిపోయిన భర్త పేరు చెప్పి, “ఆయన ఇంకా పోడు నుంచి రాలేదు, ఆయన వాటా తీసి పెట్టండి” అంటారు. “ఆయన చచ్చి పదేళ్ళయింది” అని నోరు జారితే, ఆ క్షణంలో ఆమె కొత్తగా విధవరాలు అవుతుంది. మరిచిపోయి మళ్ళీ అడిగితే మళ్ళీ అవుతుంది. పెద్దలకు వాటా తీసే ఆచారం ఉన్న మనకు ఈ కోరిక వింతగా తోచనక్కర లేదు. ఒక చిన్న దొప్పలో ఇంత తీసి పక్కన పెట్టి, ఆయనకు ఏ కూర ఇష్టమో ఆమెనే అడగవచ్చు. ఆమె చెప్పుకుంటూ పోతుంది, చెబుతూ తాను తింటుంది.

కానీ ఒక హద్దు ఉండాలి. మన సౌకర్యం కోసం ఆమెను మోసం చేయడం వేరు. మందుబిళ్ళను పొడిచేసి అన్నంలో కలిపి చెప్పకుండా పెట్టడం చాలా ఇళ్ళల్లో జరుగుతుంది. చేదు తగిలిందంటే ఆ ముద్దతో పాటు పెట్టే చేతిని కూడా అనుమానిస్తుంది. ఆ తర్వాత మంచి అన్నం కూడా ముట్టదు. కొన్ని బిళ్ళలు పొడి చేస్తే పనిచేయవు, కొన్ని హాని చేస్తాయి. మందు విషయం డాక్టరుతోనో ఏఎన్‌ఎంతోనో మాట్లాడాలి. అన్నం మీద నమ్మకం ఒకసారి పోతే తిరిగి తేవడం కష్టం.

నాలుకకు గుర్తున్నది

ఈ జబ్బులో నిన్న మొన్నటి సంగతులు ముందు పోతాయి. చిన్ననాటివి చాలా కాలం నిలుస్తాయి. దీన్ని మన కొండల లెక్కతో ఆలోచిద్దాం. ఈరోజు 75, 80 ఏళ్ళున్న అవ్వ పెరిగింది దేనితో? పోడులో పండిన సామలు, కొర్రలు, చోళ్ళు, కొండ జొన్నలు, కందులు. వాన కాలంలో అడవి దుంపలు, వెదురు మొలకలు. కరువు నెలల్లో మామిడి టెంకల పిండి అంబలి, జీలుగు మాను లోపలి పిండి. 1940ల మొదట్లో పాపికొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగిన పరిశోధకుడు హైమన్‌డార్ఫ్, మనవాళ్ళు జీలుగు చెట్టు మీద ఎంతగా ఆధారపడ్డారో 1945లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది 1983లో. అప్పటికి ఈ అవ్వలు ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళు, పిల్లల తల్లులు. అంటే డిపో బియ్యం వాళ్ళ చిన్ననాటి తిండి కాదు.

కాబట్టి తెల్లటి అన్నం, ప్యాకెట్ మసాలా కూర ముందు పెట్టినప్పుడు అవ్వ దాన్ని తిండిగా గుర్తించకుండా అటూ ఇటూ కెలుకుతుంటే, అది మొండితనం కాకపోవచ్చు. చోడి అంబలి వాసన వస్తే తలెత్తి చూడవచ్చు. చిక్కుడు గింజలు ఉడుకుతున్న వాసనకు తానే వచ్చి పొయ్యి దగ్గర కూర్చోవచ్చు. ఆకలిని గుర్తుచేసేది గడియారం కాదు, వాసన.

ఇందులో మన యువతకు ఒక చిక్కు ఉంది. అవ్వ సామ బువ్వ అడిగితే, దాన్ని వండడం ఇంట్లో ఎవరికి వచ్చు? ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో పెరిగిన మనకు సామలు దంచడం రాదు, దుంప తీయడం రాదు. అవ్వ మరిచిపోతున్నదని మనం బాధపడుతున్నాం. ఆమెకు ఇంకా గుర్తున్నవి మనకు అసలు తెలియవు. ఒకే పొయ్యి దగ్గర రెండు మరపులు కూర్చుని ఉన్నాయి. ఒకటి జబ్బు వల్ల వచ్చింది, దాన్ని ఆపడం మన చేతిలో లేదు. రెండోది నేర్చుకోకపోవడం వల్ల వచ్చింది, అది మన చేతిలోనే ఉంది.

కొందరు ముసలివాళ్ళు అన్నం ముద్దను కొంగున ముడి వేసుకుంటారు, చాప కింద దాస్తారు. అది చూసి దొంగతనం అనకూడదు. ఆకలి కాలాలు చూసిన మనిషిలో ఆ భయం అన్నిటికంటే ఆఖరున పోతుంది. పాచిపోయిన ముద్దను మెల్లగా తీసేసి, దాచుకోవడానికి పాడవని వేయించిన గింజలు నాలుగు ఇస్తే ఆమెకు ధైర్యంగా ఉంటుంది.

చేతికి గుర్తున్నది

మాట పోయినా చేతి పని చాలా కాలం నిలుస్తుంది. అడ్డాకుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి పుల్లతో విస్తరి కుట్టడం, చింతపండు గింజ తీయడం, బియ్యంలో రాళ్ళు ఏరడం, చేటతో చెరగడం. ఇవి తలతో చేసే పనులు కావు, వేళ్ళతో చేసేవి.

మన ఇళ్ళల్లో ముసలి స్త్రీకి అన్నిటికంటే పెద్ద నష్టం, పెట్టే చేయి చాచే చేయిగా మారడం. అరవై ఏళ్ళు అందరికీ వడ్డించిన మనిషి ఇప్పుడు ఎవరో పెడితే తినాలి. ఆమె పొయ్యి దగ్గరికి వస్తే, “నువ్వు కాల్చుకుంటావు, పక్కకు పో” అంటాం. ఆ మాటలో ప్రేమ ఉంది, కానీ తోసివేత కూడా ఉంది. పొయ్యి పని వద్దనాల్సిందే. బదులుగా విస్తరి పని ఇవ్వవచ్చు. తాను కుట్టిన విస్తర్లో ఇల్లంతా తింటుంటే, ఆమె ఆ భోజనానికి చుట్టం కాదు, యజమానురాలు. వంకరగా కుట్టినా సరే, రెండు చోట్ల కారినా సరే. గరిటె చేతికిచ్చి మనవడికి ఒక గరిటెడు వడ్డించమంటే, ఆ పూట ఆమె కూడా నాలుగు ముద్దలు ఎక్కువ తినవచ్చు.

అయితే చేతి జ్ఞాపకంలో ఒక ప్రమాదం కూడా ఉంది, కొండవాళ్ళం మనం దాన్ని ముఖ్యంగా తెలుసుకోవాలి. అడవిలో కొన్ని చేదు దుంపలు కోసి, వాగు నీళ్ళలో నానబెట్టి, చేదంతా పోయాకే వండాలి. లేకపోతే విషం. అవ్వ చేతులకు దుంప తవ్వడం గుర్తుంటుంది, కోయడం గుర్తుంటుంది. మధ్యలో నానబెట్టే మెట్టు జారిపోవచ్చు. అందుకని ఆమె తెచ్చిన దుంపను పారేసి అవమానించకుండా, ఆమెతో కలిసి కూర్చుని, ఆ మెట్టును మనం చూసుకోవాలి. అలాగే గడ్డిమందు, పురుగుమందు, కిరోసిన్ పాత మంచినీళ్ళ సీసాల్లో, సారా సీసాల్లో పోసి ఇంట్లో పెట్టకూడదు. దాహం వేసిన మనిషికి సీసా గుర్తుంటుంది, లోపల ఉన్నదేమిటో గుర్తుండదు.

పెట్టే పద్ధతి

మర్యాద అనేది మనసులో ఉంటే చాలదు, పద్ధతిలో కనిపించాలి. తెలిసిన నాలుగు సంగతులు చెబుతాం.

2004లో బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక చిన్న పరిశీలన అచ్చువేశారు. జబ్బు ముదిరిన తొమ్మిది మందికి తెల్ల పళ్ళేలకు బదులు ముదురు ఎరుపు పళ్ళేల్లో తిండి పెట్టి, ముదురు రంగు గ్లాసుల్లో తాగడానికి ఇచ్చారు. తిండి పాతిక శాతం, తాగడం 84 శాతం పెరిగాయి. కారణం ఏమిటంటే, ఈ జబ్బులో కంటికి రంగుల తేడా సరిగా ఆనదు. తెల్ల పళ్ళెంలో తెల్లటి తిండి కనిపించదు. మెరిసే స్టీలు కంచంలో వెలుగు కూడా కళ్ళను తికమక పెడుతుంది. పచ్చటి అడ్డాకు మీద తెల్లటి అన్నం మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. అడ్డాకు విస్తర్లను సంతలో అమ్మి, మనం ఇంట్లో స్టీలు కంచాల్లో తింటున్నాం. అవ్వ కోసమైనా ఒక విస్తరి ఇంట్లో ఉంచుకుందాం.

విస్తరిలో అన్నీ ఒకేసారి వేయకూడదు. ఒక కూర, అన్నం, అంతే. టీవీ ఆపాలి. ఏం తింటావని అడిగితే ఆమెకు జవాబు దొరకదు. రెండు చూపించి ఏది కావాలంటే వేలు చూపిస్తుంది. మనం కూడా ఎదురుగా కూర్చుని తినాలి. మన చేయి నోటికి పోవడం చూసి ఆమె చేయి కూడా పోతుంది. చేయి ఆగిపోతే ముద్ద కట్టి ఆమె చేతిలో పెట్టి, ఆ చేతి కింద మన చేయి వేసి నోటి దాకా తీసుకుపోవచ్చు. అప్పుడు తినిపిస్తున్నది మనమైనా, తింటున్నది ఆమె చేతితోనే.

తినేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టాలి, పడుకోబెట్టి పెట్టకూడదు. ముద్ద మింగిందో లేదో చూసి ఇంకోటి ఇవ్వాలి. తిన్నాక అరగంట కూర్చునే ఉండాలి. నీళ్ళు తాగితే పొరబోయి దగ్గు వస్తుంటే, మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా రావచ్చు. అప్పుడు ఆసుపత్రిలో చూపించాలి. పలుచటి నీళ్ళకంటే చిక్కటి అంబలి కొందరికి సులువుగా దిగుతుంది.

ఎవరు పెట్టాలి?

ఇదంతా చదివి ఒక కోడలు, “ఇవన్నీ నేనే చేయాలా?” అని అడిగితే, ఆ అడగడం న్యాయం. అన్నం పెట్టే ధర్మం గురించి రాసేవాళ్ళం సులభంగా రాస్తాం. చేసేది మాత్రం ఎప్పుడూ ఒక ఆడమనిషే. ఆమె అందరికంటే ఆఖరున, చల్లారిన కూడు తింటుంది. ఒకరి మర్యాద కోసం ఇంకొకరిని అరగదీస్తే అది ధర్మం కాదు. కొడుకు ఒక పూట పెట్టాలి. మనవడు సెలవుల్లో ఒక పూట పెట్టాలి. కోత రోజుల్లో గూడెమంతా పోడుకు పోయినప్పుడు, పక్కింటివాళ్ళు ఒక పూట చూసుకోవాలి. పని రోజుల్లో వంతులు వేసుకుని ఒకరి పొలం ఒకరు కోసే అలవాటు మనకు ఉంది. ఆ వంతు అన్నం దగ్గరికి కూడా రావాలి.

పేదరికం మాటేమిటి అంటారా? అవ్వ తినేది ఎవరి దయ కాదు. 2013 ఆహార భద్రత చట్టం కింద ఇంటికి వచ్చే బియ్యంలో ఆమె లెక్క ఉంది. అంత్యోదయ కార్డుకు నెలకు 35 కిలోలు, మిగతా కార్డులకు మనిషికి 5 కిలోలు. వృద్ధాప్య పింఛను 2024 నుంచి నెలకు 4,000 రూపాయలు. ఆ డబ్బులో ఎంత ఆమె విస్తర్లోకి చేరుతోందో ప్రతి ఇల్లూ తనను తాను అడగాలి. తన డబ్బును లెక్కపెట్టుకోలేని మనిషి డబ్బును మరింత లెక్కగా ఖర్చు చేయాలి.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. బడిలో పిల్లలకు ఒక పని ఇవ్వండి. ఇంట్లోనో గూడెంలోనో ఉన్న ఒక పెద్దను, చిన్నప్పుడు వాళ్ళింట్లో ఏం వండేవారో, ఎలా వండేవారో అడిగి రాసుకురమ్మనండి. కోయ మాటలో చెబితే కోయ మాటలోనే రాయమనండి. ఆ కాగితాలు పాత వంటల పుస్తకం అవుతాయి. రేపు ఆ పెద్దకు జ్ఞాపకం జారిపోతే, ఆమెకు ఏం పెట్టాలో చెప్పే పుస్తకం కూడా అదే అవుతుంది.

వద్దన్నప్పుడు

చివరి ప్రశ్న అన్నిటికంటే బరువైనది. అవ్వ నోరు మూసుకుని తల తిప్పేస్తే ఏం చేయాలి? బలవంతంగా కుక్కాలా, వదిలేయాలా?

ముందు కారణం వెతకాలి. పంటి నొప్పి, నోటి పుండు, మలబద్ధకం, జ్వరం ఉన్నాయేమో చూడాలి. ఆశా కార్యకర్తకో ఏఎన్‌ఎంకో చూపించాలి. పది నిమిషాలాగి మళ్ళీ ప్రయత్నించాలి. అవన్నీ అయ్యాక, జబ్బు ఆఖరి మెట్టుకు వచ్చిందని వైద్యులు చెప్పాక, మూసిన నోరు కూడా ఒక మాటే. 2014లో అమెరికా వృద్ధ వైద్యుల సంఘం, జబ్బు బాగా ముదిరినవారికి ముక్కు గొట్టమో కడుపు గొట్టమో పెట్టి తిండి ఎక్కించవద్దని, ఓపికగా చేత్తో తినిపించడమే మేలని సూచించింది. గొట్టాలు వారి ఆయుష్షును పెంచుతున్న దాఖలా లేదు, బాధ మాత్రం పెరుగుతుంది. అంటే పెద్ద ఆసుపత్రి చేయగలిగిన మేలైన పని, మన గూడెంలో పొయ్యి పక్కన కూడా చేయవచ్చు. తిన్నంత పెట్టడం, వద్దంటే పెదవులు తడపడం, పక్కన కూర్చోవడం. “తిండి పెట్టక చంపారు” అని ఊరివాళ్ళు అంటారేమోనన్న భయంతో కుక్కిన ముద్ద ఆమె కోసం పెట్టింది కాదు, మన పరువు కోసం పెట్టింది.

మళ్ళీ విస్తరి వేయాలా అని మొదట అడిగాం. వేయాలి. ఆమె మరిచిపోయింది కాబట్టి కాదు, ఆమె ఇంకా ఇక్కడ ఉంది కాబట్టి. జ్ఞాపకం ఉన్నవాళ్ళకే పంక్తిలో చోటు అని మన పెద్దలు ఎప్పుడూ అనలేదు. అలా అని ఉంటే, ఏ పండుగకూ వాళ్ళ వాటా తీసి పక్కన పెట్టేవాళ్ళం కాదు.